మేడ మీద యాంటెన్నా వద్దనే అసోసియేషన్ పెద్దలకి ఒక హామ్ రాస్తున్న బహిరంగ లేఖ

విశాఖపట్నంలో ఉన్న అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల ప్రెసిడెంట్లకి, సెక్రటరీలకి, ఇంకా వాట్సాప్ గ్రూపులో ఏ మెసేజ్ పడినా అందరికంటే ముందు "అబ్జెక్షన్" అని కొట్టే కమిటీ మెంబర్లకి నమస్కారమండి.

ఈ మధ్య మన ఊళ్ళోనే ఒక అపార్ట్‌మెంట్‌లో (పేరు అనవసరం) మా హామ్ (సరదా కోసం లైసెన్స్ తీసుకుని ఇంట్లోంచే రేడియో మీద దూరాలకి మాట్లాడేవాళ్ళని హామ్ అంటారు) ఒకాయన పండక్కి సొంతూరు వెళ్తే ఆయన తిరిగొచ్చేలోపు మేడ మీద యాంటెన్నా తీగ కత్తిరించి, కేబుల్ చుట్టచుట్టి మెట్ల గదిలో పడేశారు. మీటింగ్ మినిట్స్‌లో ఒక్కటే లైను, "టెర్రస్ మీద ఎలాంటి టవర్లు పెట్టరాదు" అని. అక్కడున్న టవరేంటంటే సింటెక్స్ ట్యాంకు స్టాండుకి కట్టిన ఒక ఫైబర్ కర్ర, దాని మీంచి అటూ ఇటూ దిగిన 20 మీటర్ల రాగి తీగ. అంతే. ఆయన గొడవపెట్టుకునే మనిషి కాదు కాబట్టి ఊరుకున్నాడు, నాకు మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు, అందుకే ఈ లేఖ. తిట్టడానికి కాదండి, మీ భయాల్లో కొన్ని నిజమైనవే, కొన్ని ఉత్తవి, ఏది ఏదో విడదీసి చెప్దామనే.

ముందు అసలు మేమెవరో చెప్పాలి. కేంద్ర టెలికాం శాఖలో డబ్ల్యూపీసీ అని ఒక విభాగం ఉంది, హామ్ లైసెన్స్ వాళ్ళే ఇస్తారు, ఊరికే ఇవ్వరు, ఎలక్ట్రానిక్స్ మీద, రేడియో రూల్స్ మీద పరీక్ష రాయాలి, పై గ్రేడు కావాలంటే మోర్స్ (చుక్కలు, గీతల కోడ్) కూడా రావాలి. 12 ఏళ్ళు నిండిన పిల్లలు కూడా రాయొచ్చు. పాసైతే వీయూ2, వీయూ3 అంటూ మొదలయ్యే ఒక కాల్‌సైన్, అంటే రేడియోలో మా పేరులాంటి గుర్తు, వస్తుంది, ప్రపంచంలో ఆ కాల్‌సైన్ ఇంకెవరికీ ఉండదు. రాజీవ్ గాంధీకి వీయూ2ఆర్‌జీ అని ఉండేది. ఈ రేడియో మీద వ్యాపారం చెయ్యకూడదు, పాటలు వెయ్యకూడదు, రాజకీయాలు మాట్లాడకూడదు. అంటే మీ మేడ మీద తీగ కట్టిన మనిషి నెలకింత అద్దె తీసుకుని ఏ సెల్ కంపెనీకో చోటిచ్చిన మనిషి కాదు. సెల్ టవర్ల మీద గతంలో మీరు చేసిన పోరాటాలు నాకు తెలుసు, కానీ ఆ కోపం తెచ్చి ఈ తీగ మీద చూపిస్తే ఎలాగండి.

రేడియేషన్ సంగతి త్వరగా తేల్చేస్తా, ఎందుకంటే ఎక్కువ అరుపులు దీనిమీదే, విషయం మాత్రం చిన్నది. మా ఇళ్ళల్లో మామూలుగా ఉండే సెట్టు 100 వాట్లు, కింది గ్రేడు లైసెన్స్‌కైతే 50 వాట్లే పరిమితి, పై గ్రేడుకి 400. అదీ మేం మైకు నొక్కి మాట్లాడినంతసేపే, మిగతా టైమంతా వింటూ కూర్చుంటాం, వినేటప్పుడు యాంటెన్నా నుంచి బయటికి పోయేదేమీ ఉండదు. సెల్ టవరు ఇరవై నాలుగు గంటలూ పంపుతూనే ఉంటుంది. ఇంకోటి, ఈ తరంగాలు ఎక్స్‌రేల కోవలోవి కావు, ఇవి చేస్తే గిస్తే వేడి చేస్తాయి, అది కూడా బాగా దగ్గరకెళ్తే. అందుకే తీగ చివర్లు మనిషి చేతికి అందకూడదు, పంపేటప్పుడు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమని కాలుతుంది, ఇది మాత్రం నిజం. బట్టలారేసే ఆడవాళ్ళకి, గాలిపటాలు ఎగరేసే పిల్లలకి అందేలా ఎవరైనా కడితే మీరు అడ్డం పడాల్సిందే, మీ తరఫున నేనూ వస్తా.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. గాలి. వైజాగ్‌లో ఉండి గాలి గురించి అడక్కుండా రేడియేషన్ గురించి అడగడం నాకైతే విచిత్రంగా ఉంటుంది. మన దేశంలో కట్టడాల మీద గాలి లెక్కకి ఐఎస్ 875 మూడో భాగం అని ఒక కోడ్ ఉంది, అందులో విశాఖకి వేసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కి 44. ఆ 50 మీటర్ల గాలి ఎదురుగా ఉన్న ప్రతి చదరపు మీటరు మీద దాదాపు 150 కేజీల బలంతో తోస్తుంది, గాలి వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుంది. ఇప్పుడు లెక్కేసుకోండి. 2 మిల్లీమీటర్ల మందం ఉన్న 20 మీటర్ల తీగ మొత్తం కలిపినా గాలికి దొరికేది ఓ ఏడెనిమిది కేజీలు. అంగుళంన్నర జీఐ పైపు 6 మీటర్లది నిలబెడితే 50 కేజీల దాకా. మీ మేడ మీదున్న 60 సెంటీమీటర్ల డీటీహెచ్ గొడుగు ఒక్కోటీ ఇంచుమించు అంతే పట్టుకుంటుంది, అవి మీ టెర్రస్ మీద ఎన్నున్నాయో, వాటిని ఎన్ని స్క్రూలతో బిగించారో ఎప్పుడైనా చూశారా? సగానికి సగం కనెక్షన్ తీసేసినవే, తుప్పుపట్టి పిట్టగోడకి వేలాడుతుంటాయి. వాటి మీద ఏ తీర్మానమూ లేదు.

అంటే యాంటెన్నాలన్నీ సేఫ్ అని కాదు నేననేది. ఎంత పెద్దది, ఎలా కట్టారు అని అడగమంటున్నా. తీగ యాంటెన్నా ఒక రకం. ఆరు ఫైబర్ కర్రల్ని గొడుగు తిరగేసినట్టు పెట్టి తీగలు లాగే హెక్స్‌బీమ్ అని ఒకటుంటుంది, అడ్డంగా ఆరున్నర మీటర్లుంటుంది గానీ బరువు పదీ పన్నెండు కేజీలు. అల్యూమినియం గొట్టాలతో చేసే యాగీ ఇంకో రకం, తరంగం పొడవు 20 మీటర్లుండే బ్యాండుకి చేస్తే ఒక్కో గొట్టం పొడవు 10 మీటర్లు, దాన్ని తిప్పడానికి కింద మోటారు, మొయ్యడానికి సరైన టవరు కావాలి. ఈ మూడోదాన్ని అపార్ట్‌మెంట్ మీద పెడతానని ఎవరైనా అంటే స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం అడగండి, తప్పేం లేదు, నేనైనా అడుగుతా. సొంత స్థలం ఉన్నవాళ్ళు నేలమీంచి లేపుకోవాల్సిన సరుకది.

అసలు ఎత్తు ఎప్పుడూ అవసరం కూడా కాదండీ. 7 మెగాహెర్ట్జ్ మీద తీగని తక్కువ ఎత్తులో కడితే తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకెళ్ళి, ఐనోస్పియర్‌కి (ఈ తరంగాల్ని తిప్పికొట్టే ఆకాశంలోని పొర) తగిలి, చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర గొడుగులాగా కిందకి దిగుతుంది, విజయవాడకి ఇక్కణ్ణుంచి సూటిగా 300 కిలోమీటర్లే కాబట్టి మాటలు హాయిగా అందుతాయి. ఆ తీగ పొడవు లెక్క కూడా తేలికే, 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లొస్తాయి, 7.1కైతే 20 మీటర్లు, మధ్యలో కేబుల్, అటు పది ఇటు పది. పావురం వాలితే కాస్త ఊగుతుంది, అంతకుమించి హడావుడేం ఉండదు దానికి.

రెండో నిజమైన భయం శ్లాబు. ఇది వంద శాతం న్యాయమైన భయం, పై ఫ్లోర్‌లో ఫ్లాటున్నవాళ్ళ బాధ నాకు తెలుసు, వాటర్ ప్రూఫింగ్‌కి లక్షలు పోసి మళ్ళీ ఎవడో డ్రిల్లు పెట్టి బోల్టు దింపితే వర్షాకాలం వచ్చేసరికి సీలింగ్ మీద మ్యాప్ గీసినట్టు చెమ్మ దిగుతుంది. కాబట్టి రూలు పెట్టండి, శ్లాబుకి ఒక్క చిల్లు కూడా పడకూడదని. పడాల్సిన అవసరం కూడా లేదు. మెట్ల గది గోడకో లిఫ్ట్ రూమ్ గోడకో పక్కనుంచి క్లాంపులు వెయ్యొచ్చు, కాకపోతే తొమ్మిదంగుళాల ఇటుక గోడా, సన్న గోడా చూసుకోవాలి, సన్నగోడకి బోల్టేస్తే గోడే ఊడి వస్తుంది. లేదా యాంగిల్ ఫ్రేము చేయించి దాని నాలుగు మూలలా కాంక్రీటు దిమ్మలు పెట్టి, కింద రబ్బరు షీటు పరిచి నిలబెట్టొచ్చు. దిమ్మల బరువు శ్లాబుకి ఎక్కువవుతుందేమో అంటారా, వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ళే ఒక టన్ను, అది ఏళ్ళ తరబడి అక్కడే ఉంది కదా. అయినా దిమ్మల్ని ఒకే చోట గుట్టగా పెట్టకుండా కాలమ్స్ మీదకి, బీముల మీదకి వచ్చేలా చూడమనండి.

గై వైర్ల (మాస్టుని, అంటే యాంటెన్నా మోసే స్తంభాన్ని, పడకుండా చుట్టూ లాగి కట్టే తాళ్ళ) దగ్గర కాసేపు ఆగుతా, ఎందుకంటే కూలిపోయే మాస్టుల్లో చాలావరకు పైపు తప్పుండదు, తాళ్ళ తప్పే. బజార్లో దొరికే ఆ బులుగు ప్లాస్టిక్ తాడు మన ఎండకి చూస్తుండగానే పెళుసెక్కిపోతుంది, చేత్తో నలిపితే పొట్టు రాలుతుంది, దాంతో మాస్టు కట్టినవాణ్ణి మీరు నిలదియ్యొచ్చు. స్టీలు తాడైతే చివర మడిచి యూ-క్లాంపులు వేస్తారు, ఒకటి చాలదు, మూడుండాలి. అందులో కూడా యూ ఆకారంలో ఉన్న బోల్టు తాడు కత్తిరించిన పొట్టి కొస మీద పడాలి, గాడి ఉన్న దిమ్మ వైపు బరువు మోసే తాడు మీద పడాలి, తిరగేసి బిగిస్తే బరువు మోసే తాడే నలిగి అక్కడే తెగుతుంది. తాడుని బిగించే మరల కొక్కెం, అదే టర్న్ బకిల్, గాలి ఊపుకి దానంతటదే మెల్లగా విప్పుకుంటుంది, అందుకే దాని మధ్యలోంచి ఒక సన్న తీగ దూర్చి రెండు వైపులా కట్టెయ్యాలి. మేడ మీదకెళ్ళి ఈ రెండూ చూడండి చాలు, ఆ హామ్ పనితనం ఏంటో మీకే అర్థమైపోతుంది, ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు.

మన ఊళ్ళో ఇంకో శత్రువు ఉప్పుగాలి. బీచ్ రోడ్డు దగ్గరున్న వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఎలా తినేస్తుందో చూస్తూనే ఉన్నారు. జీఐ పైపుకి మరలు కోసిన చోట జింకు పూత పోయి ఉంటుంది, తుప్పు అక్కడ మొదలవుతుంది, పైకి వెండిలా మెరుస్తున్నా లోపల పేలికైపోయి ఉంటుంది, సుత్తితో తట్టి వినాలి, గట్టి పైపు ఖంగుమంటుంది, తినేసిన పైపు బద్దగా పలుకుతుంది. కేబుల్ కనెక్టర్‌కి సాగదీసి చుడితే తనకి తానే అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టకపోతే రెండు వానలకే లోపలి రాగి అల్లిక నల్లబడిపోతుంది, నీళ్ళు కేబుల్ లోపల్లోపలే పాకి సెట్టు దాకా వస్తాయి. కాబట్టి యాంటెన్నా కట్టడం ఒక రోజు పని, చూసుకోవడం జీవితకాలం పని. తుఫాన్లు మనకి రెండు సీజన్లు, వేసవి చివర ఒకటి, అక్టోబరు నవంబరుల్లో ఇంకోటి, రెండిటి ముందూ ఒకసారి మేడెక్కి బోల్టు బోల్టూ చూడాలి. తుఫాను హెచ్చరిక వస్తే హెక్స్‌బీమ్ లాంటివి దించేసి కట్టెయ్యాలి, దించుకునే ఏర్పాటు లేకుండా కట్టినది మన ఊరికి పనికిరాదని నా అభిప్రాయం.

పిడుగు గురించి కూడా అడుగుతారు. యాంటెన్నా పిడుగుని పిలిచి తెస్తుందనేది పుకారు, కానీ ఎత్తుగా నిలబడ్డ లోహాన్ని ఎర్త్ చెయ్యకుండా వదిలెయ్యడం మాత్రం నేరమే. మాస్టు నుంచి 25 బై 3 మిల్లీమీటర్ల జీఐ పట్టీ వంపులు లేకుండా సూటిగా కిందకి దిగాలి, దాని ఎర్త్ పిట్ బిల్డింగ్ మెయిన్ ఎర్త్‌తో కలిసి ఉండాలి, విడిగా వదిలేస్తే పిడుగు పడినప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ తేడా వచ్చి ఇంట్లో సామాన్లు కాలతాయి. మీ బిల్డింగ్ ఎర్త్ పిట్‌లో ఆఖరిసారి నీళ్ళెప్పుడు పోశారో కూడా ఈ వంకతో కనుక్కోండి, హామ్ పుణ్యాన మీ లిఫ్టుకి, మోటార్లకి మేలు జరుగుతుంది.

అన్నిటికంటే ప్రాణాంతకం మాత్రం పిడుగూ కాదు గాలీ కాదు, పక్కనుంచి పోయే కరెంటు లైను. హుద్‌హుద్ తర్వాత కొన్ని ఏరియాల్లో లైన్లు భూమిలోకి వెళ్ళాయి గానీ అన్ని చోట్లా కాదు. మాస్టు ఎటు పడినా, తీగ తెగి ఎటు ఎగిరినా 11 కేవీ లైను మీద పడని చోటైతేనే ఒప్పుకోండి, ఇందులో మొహమాటం వద్దు. అలాగే మాస్టు ఎక్కడానికి వాచ్‌మన్‌నో, రంగులేసే కుర్రాణ్ణో ఐదొందలిచ్చి ఎక్కించే అలవాటుంది కొందరికి, మా హామ్‌లలో కూడా. ఒళ్ళంతా పట్టే బెల్టు లేకుండా, కింద ఇంకో మనిషి లేకుండా ఎవరూ ఎక్కకూడదని రాసి పెట్టండి. హాబీ మనది, పడిపోయేది ఆ కుర్రాడా?

"మా టీవీకి అడ్డొస్తుంది" అనే కంప్లయింటు దూరదర్శన్ యాంటెన్నాల కాలంలో నిజం, ఇప్పుడు డీటీహెచ్‌కి, ఫైబర్‌కి మా తరంగాల వల్ల ఇబ్బంది చాలా అరుదు. ఎప్పుడైనా ఒక హోమ్ థియేటర్ స్పీకర్లో బాతు అరిచినట్టు మా గొంతు వినపడొచ్చు, తీగకి ఫెర్రైట్ రింగు తగిలిస్తే పోతుంది, ఆ రింగు మేమే తెచ్చి పెడతాం. నిజం చెప్పాలంటే అడ్డు ఎక్కువగా అటునుంచి ఇటు. చవక ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, లిఫ్టు డ్రైవు, సోలార్ ఇన్వర్టరు, ఇవన్నీ కలిసి రేడియోలో చేసే గోల వింటే మీకే జాలేస్తుంది. సాయంత్రం ఆరింటికి కారిడార్ లైట్లు వేశారంటే మాకు గడియారం చూడక్కర్లేదు. దానిమీద మేం ఎప్పుడైనా తీర్మానం పెట్టమన్నామా?

చట్టం గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తా. 1987 అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం టెర్రస్ అందరి ఉమ్మడిది, నా లైసెన్స్ నాకు గాల్లో మాట్లాడే హక్కు ఇచ్చిందే గానీ మీ మేడ మీద చోటు ఇవ్వలేదు, కాబట్టి అడగడం మా బాధ్యత. నేవీ ఎయిర్‌ఫీల్డ్ ఊరి మధ్యలో ఉంది కాబట్టి ఎత్తు విషయంలో విమానాశ్రయం ఆంక్షలు కూడా చూసుకోవాలి. అమెరికాలో రేడియో వ్యవహారాలు చూసే ఎఫ్‌సీసీ 1985లోనే ఊళ్ళ పాలక సంస్థలు హామ్ యాంటెన్నాలకి సబబైన వెసులుబాటు ఇవ్వాలని చెప్పింది, కానీ అది ప్రభుత్వాలకే, కాలనీ అసోసియేషన్ల ఒప్పందాలకి వర్తించదు. డల్లాస్ దగ్గరుండే మా తోడల్లుడు అందుకే తీగని అటకలో దాచి కట్టుకుని మాట్లాడతాడు, అంత పెద్ద దేశంలో ఉండి. అసోసియేషన్ల విషయంలో ప్రపంచమంతా ఒకటే సుమండీ.

తుఫాను పేరు చెప్పి మిమ్మల్ని కరిగించాలని నాకు లేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇది హాబీనే, ముక్కూ మొహం తెలియని ఏ జపాను పెద్దాయనతోనో వాతావరణం గురించి మాట్లాడుకోవడమే. శ్రీహరికోట నుంచి 2005 మే 5న ఇస్రో హామ్‌ల కోసమే హామ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహం పంపింది, తొమ్మిదేళ్ళు పనిచేసింది, దాని మీంచి మాట్లాడటం కూడా సరదాకే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన నెత్తిమీంచి పోతున్నప్పుడు 145.800 మెగాహెర్ట్జ్ మీద దాని మాటలు వినిపిస్తే పిల్లలు ఫోన్లు పక్కన పడేసి వస్తారు, మీ అపార్ట్‌మెంట్ పిల్లలకైనా సరే. కానీ హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12 ఆదివారం మీరంతా ఇక్కడే ఉన్నారు. కరెంటు లేదు, సెల్లు లేదు, పక్క వీధిలో ఉన్న అక్క బతికుందో లేదో తెలీదు. అప్పుడు హైదరాబాద్ నుంచి హామ్‌లు సెట్లు మోసుకుని రావాల్సొచ్చింది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో భారతీ ప్రసాద్ గారనే హామ్ బృందం హాబీ పని మీదే పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది, యాంటెన్నాలు అప్పటికే కట్టి ఉన్నాయి కాబట్టి కబుర్లు బయటికొచ్చాయి. తుఫాను వచ్చాక ఎవరూ తీగ కట్టలేరండి, ముందే కట్టి ఉండాలి, ఆ మాట ఒక్కటే.

మా వాళ్ళకి కూడా ఒక మాట ఇక్కడే అనేస్తా. అడక్కుండా రాత్రిపూట దొంగచాటుగా తీగ లాగి, ఎవరైనా అడిగితే "గవర్నమెంట్ లైసెన్స్ ఉంది, మీ దిక్కున్న చోట చెప్పుకోండి" అనే హామ్‌ల వల్లే సగం అపార్ట్‌మెంట్లలో తలుపులు మూసుకున్నాయి. ముందెళ్ళి కాగితం మీద బొమ్మగీసి, పక్కింటి మామ్మగారికి కూడా అర్థమయ్యేలా చెప్పండి. మా బిల్డింగ్‌లో ఒక పెద్దావిడ "ఏటి బాబూ, మేడ మీద ఏటో కడతన్నావంట, మా అప్పడాలు ఆరబెట్టుకునే చోటు ఉంచుతావా లేదా" అంది, ఆవిడకి కావాల్సింది అంతే, తీగ రెండు మీటర్లు జరిపి కట్టాను, ఇప్పటికీ గొడవ లేదు.

కాబట్టి మీ తర్వాతి మీటింగ్‌లో "ఎలాంటి టవర్లు పెట్టరాదు" అనే లైను కొట్టేసి ఇంకో నాలుగు ముక్కలు రాసుకోండి: లైసెన్స్ కాపీ ఇవ్వాలి, శ్లాబుకి చిల్లు పడకూడదు, ఎర్త్ చేసి ఉండాలి, కరెంటు లైనుకి దూరంగా ఉండాలి, రెండు తుఫాను సీజన్ల ముందూ కట్టినవాడే తనిఖీ చేసి ఫోటోలు గ్రూపులో పెట్టాలి, ఇల్లు ఖాళీ చేస్తే సొంత ఖర్చుతో దించుకోవాలి, ఏదైనా పడి నష్టం జరిగితే వాడే కట్టుకోవాలి. నాలుగన్నాను గానీ ఏడయ్యాయి, పర్లేదు, ఇంకో రెండు మీరు కలిపినా సంతకం పెడతాం. మీ బిల్డింగ్‌లో ఇప్పటికే యాంటెన్నా ఉండి డౌటుగా ఉంటే ఏ ఆదివారం పొద్దున పిలిచినా నేనో ఇంకో హామో వచ్చి ఉచితంగా చూసి, బాగోపోతే బాగోలేదని మీ ముందే చెప్తాం, తీసెయ్యాల్సినదైతే దగ్గరుండి తీయిస్తాం. కట్టర్ పట్టుకునే ముందు ఒక ఫోన్ చెయ్యండి చాలు. ఆ కత్తిరించిన కేబుల్ మీటరు నూట యాభై రూపాయల పైమాటే, ఆయన ఇంకా కొనుక్కోలేదు.

ఇట్లు,
మీ ఊళ్ళోనే ఉంటున్న ఒక వీయూ3